ఇంట్లో చేసిన ఉకులేలేకు బ్రిడ్జి, శాడిల్: కొలత నుంచి తీగ బిగింపు దాకా

ఉకులేలే అంటే గిటార్‌లాంటి, నాలుగు తీగల చిన్న వాయిద్యం. దాని పెట్టె మూసేశారు, మెడ అతికించారు, ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) కొట్టేశారు. ఇక మిగిలింది అరచేతిలో పట్టే చెక్కముక్క (బ్రిడ్జి) ఒకటి, దాని గాడిలో కూర్చునే సన్నని ఎముకముక్క (శాడిల్) ఒకటి. చాలామంది తొందరపడేది సరిగ్గా ఇక్కడే. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు సొంతంగా ఉకులేలే చేసుకుంటున్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి ఎందుకు తప్పుతోంది? ఎండకాలం రాగానే బ్రిడ్జి ఎందుకు లేచింది? మొదటిదానికి జవాబు జిగురు డబ్బా మూత తీయకముందు చేసే కొలతలో ఉంది. రెండోదానికి జవాబు జిగురు పెట్టే ఆ అరగంటలో ఉంది.

కింది కొలతలన్నీ కాన్సర్ట్ సైజుకి, అంటే నట్ (మెడ పై చివర తీగలు ఆనే ముక్క) నుంచి శాడిల్ దాకా దాదాపు 380 మి.మీ. ఉండే వాయిద్యానికి. సొప్రానో అయితే 345–350, టెనర్ అయితే 430 దాకా ఉంటుంది. పద్ధతి అన్నిటికీ ఒకటే, అంకెలు మీ వాయిద్యం చెప్పాలి. దుకాణంలో కొన్న ఉకులేలే బ్రిడ్జిని కొలిచి అదే కొలతకు చేసి అతికించేవాళ్లు ఉన్నారు. ఆ బ్రిడ్జి ఆ మెడకి సరిపోయింది, మీ మెడకి సరిపోవాలని రూలేమీ లేదు.

## 1. ఏ రకం బ్రిడ్జి?

మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. క్లాసికల్ గిటార్‌లాగా తీగను వెనక కడ్డీకి చుట్టి కట్టేది. సన్నని చీలికలో తీగ ముడిని ఇరికించేది. బ్రిడ్జిలోంచి, పై పలకలోంచి తీగను లోపలికి దించి, పెట్టె లోపల ముడి నిలిచేలా చేసేది.

మొదటిసారి చేస్తుంటే మూడోదే పట్టుకోండి. ఉకులేలే నాలుగు తీగలూ కలిపి పదిహేను కేజీలకు అటూ ఇటూగా బలంతో బ్రిడ్జిని ముందుకు లాగుతూ, వెనక అంచును పైకి లేపాలని చూస్తాయి. మొదటి రెండు రకాల్లో ఆ భారమంతా జిగురు పొర మీదే. మూడో రకంలో ముడి పలక కింద పట్టుకుని ఉంటుంది కాబట్టి బ్రిడ్జి అంత తేలిగ్గా పైకి లేవదు. చెయ్యడం కూడా తేలిక: నిలువుగా నాలుగు రంధ్రాలు, అంతే. తీగ మార్చేటప్పుడు సౌండ్ హోల్‌లోంచి వేళ్లు పెట్టి కాస్త తిప్పలు పడాలి. ఆ మాత్రం తిప్పలు పడొచ్చు.

ఒక షరతు ఉంది. బ్రిడ్జి వచ్చేచోట పై పలక కింద 2–2.5 మి.మీ. మందం గట్టి చెక్క పట్టీ అతికించి ఉండాలి. పెట్టె మూయకముందు అది పెట్టలేదంటే ఈ రకం వద్దు, ముడి కాలం గడిచేకొద్దీ పలకను కోసుకుంటూ పైకి వస్తుంది.

## 2. చెక్క, ఎముక, పనిముట్లు

బ్రిడ్జి చెక్క. మన దగ్గర దొరికేవాటిలో జిట్రేగి మొదటి వరస. పాత పట్టెమంచం కోడు విరిగి మూలన పడి ఉంటే అందులో నాలుగైదు బ్రిడ్జిలు వస్తాయి, పైగా దశాబ్దాలుగా ఆరిన చెక్క. టేకు తేలిక, కోతకు లొంగుతుంది, కానీ దాంట్లో నూనె ఉంటుంది, జిగురు దగ్గర జాగ్రత్త కావాలి. నల్లమద్ది, తుమ్మ, చింత మూడూ పనికొస్తాయి, బరువెక్కువ కాబట్టి పల్చగా చెక్కాలి. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు నడిమి చేవ నల్లగా, ఎబొనీ జాతిదే. చిన్న ముక్క దొరికినా దాచుకోండి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క మాత్రం దీనికి పనికిరాదు, గోరు నొక్కితే గుంట పడే చెక్క తీగ ఒత్తిడికి ఆగదు.

తలుపులు, మంచాలు చేసే వడ్లాయన దగ్గర తుక్కులో ఇవన్నీ ఉంటాయి. అడిగితే చాయ్ డబ్బులకే ఇస్తారు. అడవిలోంచి కొట్టుకొచ్చిన కలప జోలికి పోకండి.

ముక్క కనీసం 100 మి.మీ. పొడవు, 25 వెడల్పు, 10 మందం ఉండాలి. చెక్క పోగు పొడవు వెంట సాగాలి. పోగు అడ్డంగా ఉన్న ముక్కను తీసుకుంటే గాడి కోసిన రోజే అక్కడ చీలుతుంది. ముక్క చివర పగుళ్లు, పురుగు రంధ్రాలు ఉంటే పక్కన పెట్టేయండి.

శాడిల్ ముక్క. ఎముక మంచిది. ఆన్‌లైన్లో కోసి పెట్టిన ముక్కలు దొరుకుతాయి. సొంతంగా చేసుకోవాలంటే బర్రె కాలి ఎముకే తీసుకోవాలి, మేక ఎముకకు ఆ మందం ఉండదు. మూలుగ తీసేసి, గిన్నెల సబ్బు వేసిన నీళ్లలో బయట పొయ్యి మీద మరిగించి, కొవ్వంతా పోయేదాకా నీళ్లు మార్చి, నీడలో కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఎముక పని పడని ఇళ్లలో వంటగది గట్లకు వాడే కోరియన్ షీట్ తుక్కు అడగండి, బాగా పలుకుతుంది. క్యారమ్ స్ట్రైకర్ కోసి వాడొచ్చా అనే ప్రశ్నా వస్తుంటుంది. స్ట్రైకర్ వ్యాసం 41 మి.మీ. చిల్లర, మనకు 52 కావాలి, కుదరదు. మామూలు ప్లాస్టిక్ పలకలు, కూరగాయలు కోసే బోర్డు ముక్కలు వద్దు. వాటి మెత్తదనం మోతను మింగేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మి.మీ. గీతలు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు, 300 మి.మీ.ది కాక 500 మి.మీ.ది
- గుణ్యా, సన్న మొన పెన్సిల్, గీత గీసే కత్తి
- హాక్సా బ్లేడు, సన్న పళ్ల రంపం, 3 మి.మీ. ఉలి
- 1.5 మి.మీ. డ్రిల్ బిట్టు, చేతి డ్రిల్లయినా సరే
- ఆకురాయి, 120, 240, 400, 800 నంబర్ల గరుకు కాగితాలు, అద్దం ముక్క
- లోతైన సీ క్లాంపులు మూడు
- ఫోన్లో సెంట్లు (అర స్వరంలో నూరో వంతు) చూపించే ట్యూనర్ యాప్

3 మి.మీ. ఉలి దొరకకపోతే పాత అలెన్ కీ కొనను సానరాయి మీద ఏటవాలుగా నూరుకోండి, ఈ పనికి సరిపోతుంది.

## 3. ఎత్తు ముందు తేల్చుకోవాలి

బ్రిడ్జి ఎంత మందం ఉండాలో మీ మెడ వాలు నిర్ణయిస్తుంది. స్టీలు స్కేలును ఫ్రెట్ల మీద నిలువుగా, అంచు ఆనేలా పెట్టి, బ్రిడ్జి వచ్చే చోటు దాకా జరపండి. అక్కడ స్కేలు కింది అంచుకూ పై పలకకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి.

ఆ ఖాళీకి 5 మి.మీ. కలిపితే శాడిల్ కొన పలక నుంచి ఎంత ఎత్తులో ఉండాలో వస్తుంది. ఈ 5 ఎక్కడిదంటే: 12వ ఫ్రెట్ నట్‌కీ శాడిల్‌కీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. నట్ దగ్గర తీగ ఫ్రెట్ల మట్టం నుంచి అర మి.మీ. పైన, శాడిల్ దగ్గర 5 మి.మీ. పైన ఉంటే, మధ్యలో దాదాపు 2.7 వస్తుంది. ఉకులేలేకు 12వ ఫ్రెట్ దగ్గర 2.5 నుంచి 3 మి.మీ. మధ్య ఎత్తు చేతికి హాయిగా ఉంటుంది.

ఖాళీ 6 మి.మీ. వచ్చిందనుకుందాం. శాడిల్ కొన 11 మి.మీ. ఎత్తులో ఉండాలి. బ్రిడ్జి 8, దాని పైన శాడిల్ 3 బయటికి. ఇది చక్కటి కొలత. ఖాళీ 3 వస్తే బ్రిడ్జి 5.5, శాడిల్ 2.5. ఖాళీ 1 కంటే తక్కువ వచ్చినా, స్కేలు పలకకే తగిలినా మెడ ముందుకు వాలిందని అర్థం. దాన్ని బ్రిడ్జితో సరిచేయలేరు, ముందు మెడ సంగతి చూడాలి. అలాగే ఖాళీ 9, 10 వస్తే బ్రిడ్జి గోడలా లేస్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ పలక మీద మెలిపెట్టే బలం పెరుగుతుంది.

## 4. శాడిల్ గీత ఎక్కడ పడాలి

ఈ ఒక్క భాగాన్నీ తొందరలో దాటొద్దు.

నట్ ముందు అంచు నుంచి 12వ ఫ్రెట్ కొప్పు నడిమి దాకా కొలవండి. రెట్టింపు చేయండి. 190.5 వస్తే 381. ఇది లెక్క ప్రకారం తీగ పొడవు. అయితే తీగను ఫ్రెట్ మీదికి నొక్కినప్పుడు అది కొద్దిగా సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. ఆ పెరుగుదలను కోసేయడానికి శాడిల్‌ను ఇంకాస్త వెనక్కి జరుపుతారు. నైలాన్ తీగలకు ఇది మామూలుగా 1.5 నుంచి 2.5 మి.మీ.

ఇక్కడ రెండు దార్లు. ఒకటి, 2 మి.మీ. కలిపి 383 దగ్గర గీత గీసేసి ముందుకు పోవడం. ఫ్రెట్లు కచ్చితంగా పడి ఉంటే ఇది చాలు. రెండోది, జిగురు పెట్టకముందే తీగలు బిగించి చూసుకోవడం. చేతితో ఫ్రెట్ గాళ్లు కోసినవాళ్లకి నేను రెండోదే చెప్తాను.

అదెలాగంటే:

1. పెట్టె అడుగు చివర, లోపల దిమ్మ ఉన్నచోట, చిన్న స్క్రూ బిగించండి. ‘సి’, ‘ఎ’ తీగలు రెండింటిని దానికి కట్టి, పలక మీదుగా మెడ దాకా లాగండి. తీగ ఒరుసుకునే అంచు మీద మందపాటి అట్టముక్క వేయండి.
2. చిన్న చెక్క దిమ్మ చేసి దాని నెత్తిన ఎముక ముక్క పెట్టండి, రెండూ కలిపి మూడో భాగంలో తేలిన ఎత్తే, మన ఉదాహరణలో 11 మి.మీ., రావాలి. దాన్ని తీగల కింద 383 దగ్గర నిలబెట్టండి. జిగురు లేదు, తీగ ఒత్తిడికే నిలుస్తుంది.
3. తీగలను శ్రుతి చేయండి. 12వ ఫ్రెట్ పైన తీగను తాకీ తాకనట్టు వేలుంచి మీటండి, హార్మోనిక్ పలుకుతుంది. తర్వాత అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. ట్యూనర్లో రెండూ పోల్చండి.
4. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే దిమ్మను వెనక్కి, తక్కువ చూపిస్తే నట్ వైపు జరపండి.

ఎంత జరపాలన్నదానికీ లెక్కుంది. కాన్సర్ట్ పొడవులో 1 మి.మీ. జరిపితే తేడా 4–5 సెంట్లు మారుతుంది. 9 సెంట్లు ఎక్కువుంటే 2 మి.మీ. వెనక్కి. సూది వణికే అంత చిన్న తేడాలను వెంటాడకండి, 3 సెంట్ల లోపుంటే చెవికి తెలియదు.

‘సి’ తీగ మందం కాబట్టి దాని చోటు ‘ఎ’ తీగ చోటు కంటే కాస్త వెనక పడుతుంది. రెండు చోట్లకీ మధ్యన గీత గీయండి. ఆ చిన్న తేడాను శాడిల్ కొన ఆకురాయితో తీర్చిదిద్దేటప్పుడు సర్దుకుంటాం, 3 మి.మీ. మందంలో అటూ ఇటూ 1 మి.మీ. జాగా ఉంటుంది.

కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. ప్రతి కొలతకు ముందు మళ్లీ శ్రుతి చేయడం మర్చిపోవద్దు.

పొడవు తేలాక పక్కవాటం. నట్ బయటి గాళ్ల నుంచి రెండు దారాలు బ్రిడ్జి దాకా లాగి, ఫ్రెట్ బోర్డు చివర రెండు అంచుల దగ్గరా సమానమైన జాగా వచ్చేలా సర్దండి. పెట్టె నడిమి గీతను నమ్మొద్దు, మెడ అర డిగ్రీ పక్కకు తిరిగినా దారం చెప్తుంది, నడిమి గీత చెప్పదు. దారాలు నిలిచిన చోట పలక మీద పేపర్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి.

## 5. బ్రిడ్జి దిమ్మ: కోతల వరస

ముక్కను రందా పట్టి 85 × 22 × 8 మి.మీ. దిమ్మగా చేయండి. సొప్రానోకు 70 × 20 చాలు. దిమ్మ మూలలు గుణ్యాకు కూర్చోవాలి.

వరస తప్పకూడదు: ముందు శాడిల్ గాడి, తర్వాత రంధ్రాలు, తర్వాత అడుగు, చివర్లో అందం. గుండ్రంగా చెక్కిన ముక్కను క్లాంపు పట్టదు, గీత గీయడానికి నిటారు అంచు ఉండదు. సోకులన్నీ ముందే చేసి, గాడి దగ్గర ముక్కను పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

22 మి.మీ. వెడల్పును ముందు నుంచి ఇలా పంచుకోండి: 6 మి.మీ. ముందు అంచు, 3 మి.మీ. గాడి, గాడి వెనక 6 మి.మీ. దగ్గర రంధ్రాల వరస, ఆ వెనక 7 మి.మీ. ముందు అంచును 6 కంటే తగ్గించొద్దు. తీగలు శాడిల్‌ను ముందుకు వంచినప్పుడు తట్టుకోవాల్సింది అదే.

గాడి. గీత కత్తితో గీయండి, పెన్సిల్ గీత అర మి.మీ. మందం ఉంటుంది. గీత పక్కన నిటారు కర్రముక్కను క్లాంపుతో బిగించి, హాక్సా బ్లేడును దానికి ఆనించి లాగండి. ఒక గోడ అయ్యాక కర్రను జరిపి రెండో గోడ. లోతు 4.5 మి.మీ., బ్లేడు మీద ఆ ఎత్తున టేపు అంటించుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. మధ్యలో మిగిలింది ఉలితో తీసి, అడుగు చదును చేయండి. గాడి కింద కనీసం 3 మి.మీ. చెక్క మిగలాలి.

బ్రిడ్జి పల్చగా, 5.5 మి.మీ. వచ్చినవాళ్లు లోతు 2.5 దగ్గరే ఆపాలి. అక్కడ శాడిల్ బయటికి 2.5 మించకుండా చూసుకోండి. బయట కనిపించేదానికంటే గాడిలో ఉన్నది తక్కువ కాకూడదు.

రంపంతో కోస్తే గాడి రెండు చివర్లా తెరుచుకునే ఉంటుంది. ఫరవాలేదు. మధ్యలో 52 మి.మీ. శాడిల్‌కు వదిలి, అటూ ఇటూ అదే చెక్కముక్కలు జిగురుతో నింపండి. రంగు, పోగు కలిసేలా పెడితే అతుకు కనిపించదు.

రంధ్రాలు. బయటి తీగల మధ్య 42 మి.మీ., అంటే ఒక్కో తీగకు 14. సొప్రానోకు 13.5. మేకు మొనతో చిన్న గుంట కొట్టి 1.5 మి.మీ. బిట్టుతో నిలువుగా వేయండి. కింద పనికిరాని చెక్క పెట్టకపోతే అడుగు పెచ్చులు లేస్తుంది. ప్రతి రంధ్రం ముందు అంచును చిన్న ఆకురాయితో శాడిల్ వైపు వాలుగా గీకండి. ఆ వాలులో తీగ పడుకుని లేస్తుంది, పదును అంచు మీద విరగదు. రంధ్రం 6 మి.మీ. వెనక, శాడిల్ 3 మి.మీ. పైన ఉంటే తీగ 20–25 డిగ్రీలు వంగి శాడిల్‌ను గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడే మోత.

అడుగు. ఇంట్లో చేసిన పలక చాలావరకు చదునుగా ఉండదు, మధ్యలో కొద్దిగా ఉబ్బుతుంది. బ్రిడ్జి కూర్చునే చోటే, గరుకు వైపు పైకి వచ్చేలా 120 నంబరు కాగితాన్ని టేపుతో అంటించి, దాని మీద బ్రిడ్జిని పొడవు దిశలో చిన్నగా రుద్దండి. అడుగంతా పెన్సిల్‌తో గీతలు గీసుకుని మొదలుపెడితే, గీతలన్నీ చెరిగినప్పుడు అడుగంతా ఆనిందని తెలుస్తుంది. తర్వాత కాగితం తీసి, బ్రిడ్జి పెట్టి, వెనక నుంచి టార్చి కొట్టండి. వెలుగు ఎక్కడా రాకూడదు. క్లాంపు బిగిస్తే సందు పూడిపోతుందిలే అనుకోవద్దు. పూడుతుంది, తర్వాత ఎప్పుడో ఎండకు తెరుచుకుంటుంది.

పైభాగం. రెండు రెక్కలనూ చివర 3 మి.మీ. దాకా పల్చన చేయండి. వెనక అంచు గుండ్రం చేయండి. 240, 400 కాగితాలతో నున్నగా రుద్ది, తూకం చూడండి. బంగారం తూచే చిన్న త్రాసు ఉంటే మంచిది. కాన్సర్ట్‌కు 10–12 గ్రాములు దాటితే రెక్కల్లోంచి ఇంకా తీయండి. తీగ బలం పలకను కదపాలంటే బ్రిడ్జి తేలికగా ఉండాలి. చింత, తుమ్మ వాడినవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

## 6. జిగురుకు ముందు

- బయటి రెండు రంధ్రాల గుండా పలకలోకి, కింది పట్టీ గుండా 1.5 మి.మీ. రంధ్రాలు వేసి, బ్రిడ్జిని పుల్లలతో నిలబెట్టి చూశారా? అగరుబత్తి పుల్ల సరిగ్గా సరిపోతుంది, మైనం రుద్ది వాడితే జిగురు అంటదు.
- నట్ నుంచి గాడి నడిమి దాకా రెండు వైపులా కొలిచారా? రెండు కొలతలూ సమానమేనా?
- పలకకు పాలిష్ పట్టి ఉంటే బ్రిడ్జి కిందంతా గీకేశారా? బ్రిడ్జి అంచు నుంచి 1 మి.మీ. లోపలికి గీస్తే బయట పచ్చి చెక్క కనబడదు.
- క్లాంపులు, వాటి కింద పెట్టే చెక్కముక్కలు జిగురు లేకుండా ఒకసారి బిగించి చూశారా? సౌండ్ హోల్‌లోంచి క్లాంపు చేరుతోందా?
- లోపల పట్టీ కింద ఆనే దిమ్మ ఉందా? అది లేకపోతే క్లాంపు కొస పలకలో గుంట పెడుతుంది.

క్లాంపు చేరకపోతే పెట్టె లోపల, వీపు పలకకూ పట్టీకీ మధ్య సరిగ్గా పట్టే కర్ర నిలబెట్టి, బయట బ్రిడ్జి మీద చెక్కముక్క పెట్టి, పాత సైకిల్ ట్యూబు పట్టీలను పెట్టె చుట్టూ లాగి చుట్టొచ్చు. లోపలి కర్ర పొడవు అటూ ఇటూ కాకూడదు.

## 7. అతికించడం

పసుపు రంగు చెక్క జిగురు దొరికితే అదే వాడండి. తెల్ల ఫెవికోల్ కూడా పట్టుకుంటుంది, కానీ వేడికి మెత్తబడి ఒత్తిడి కింద మెల్లగా జారే గుణం దానికి ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఎండలో ఆపిన కారు లోపల వేడి ఇంకా చాలా ఎక్కువ. ఏ జిగురైనా సరే, వాయిద్యాన్ని కారులో వదలొద్దు. ఫెవిక్విక్ లాంటి క్షణాల్లో అంటే జిగుర్లు వద్దు, జరిపి సరిచేసుకునే వ్యవధి ఇవ్వవు.

వేళ కూడా చూసుకోవాలి. ఎండకాలం మధ్యాహ్నం జిగురు పూసి బ్రిడ్జి పెట్టేలోపే పైపొర ఎండుతుంది. తెల్లవారుజామున చేయండి, ఫ్యాను ఆపేయండి. ముసురు పట్టిన వానకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, రెండు మూడు పొడి రోజులు వచ్చేదాకా ఆగడం మేలు.

1. రెండు ముఖాలనూ అప్పటికప్పుడు 120 కాగితంతో రుద్ది, దుమ్ము తుడవండి.
2. టేకు, జిట్రేగి అయితే అడుగును అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టండి. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడొద్దు, దాంట్లో కలిపిన మిగతావి చెక్క మీద పొరలా నిలుస్తాయి. అసిటోన్ దగ్గర మంట, సిగరెట్ ఉండకూడదు.
3. రెండు వైపులా పల్చగా, అంతటా పూయండి. రంధ్రాల చుట్టూ 2 మి.మీ. వదలండి.
4. పుల్లలు గుచ్చి బ్రిడ్జి కూర్చోబెట్టండి. మధ్య క్లాంపు ముందు, పక్కవి తర్వాత. ఒకదాన్నే పూర్తిగా బిగించకుండా వంతులవారీగా తిప్పండి.
5. చుట్టూ సన్నని పూసల వరసలా జిగురు బయటికి రావాలి. ఎక్కడా రాకపోతే తక్కువ పూశారు, విప్పి మళ్లీ పూయండి. ధారగా కారుతుంటే ఎక్కువైంది.
6. స్ట్రా ముక్క కొసతో జిగురు తీసి, తడి గుడ్డతో తుడవండి. పుల్లలు అప్పుడే లాగేయండి.
7. రాత్రంతా క్లాంపుల్లో వదలండి. 24 గంటలు గడవకుండా తీగ బిగించొద్దు.

తర్వాత మధ్య రెండు రంధ్రాలూ పలక గుండా వేసి, లోపలి పెచ్చులు వేలితో తడిమి గరుకు కాగితంతో తీయండి.

## 8. శాడిల్

ఎముక పని ఆరుబయట, మాస్కు పెట్టుకుని చేయండి. దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, వాసన ఇంట్లోవాళ్లకు మంచిది కాదు.

హాక్సాతో 52 × 10 × 3.5 ముక్క కోయండి. అద్దం మీద గరుకు కాగితం అంటించి, ముక్కను పడుకోబెట్టి రుద్దుతూ మందం తగ్గించండి. రెండు మూడు రుద్దులకోసారి ముక్కను అటూ ఇటూ తిప్పకపోతే వేలు నొక్కిన వైపే అరిగిపోతుంది. గాడిలో సరిచూస్తూ వెళ్లండి. సరిపోవడం అంటే: వేలితో నొక్కితే దిగాలి, వాయిద్యం బోర్లించినా పడిపోకూడదు, పట్టకార లేకుండా మళ్లీ బయటికి రావాలి. సుత్తితో కొట్టి దింపితే బ్రిడ్జి చీలుతుంది. శాడిల్‌కు జిగురు ఎప్పుడూ పెట్టొద్దు.

అడుగు అంచు గాడి అడుగును పొడవునా తాకాలి. మోత దాటేది అక్కడి నుంచే. కార్బన్ పేపరు సన్న ముక్క గాడిలో వేసి శాడిల్ నొక్కి తీస్తే, మచ్చ పడని చోట ఆనలేదని తెలుస్తుంది.

పై అంచు గుండ్రం చేసి, 800 కాగితంతో నున్నగా రుద్దండి. తీగ ఒకే గీత మీద ఆనాలి, చదును మీద కాదు. ‘సి’ తీగ చోట ఆ గీతను కొద్దిగా వెనక్కి, ‘ఎ’ చోట కొద్దిగా ముందుకు ఆకురాయితో జరపండి. తీగ కోసం లోతైన గాటు పెట్టొద్దు.

ఇప్పుడు తీగలు. కొనను బ్రిడ్జి రంధ్రంలోంచి లోపలికి దించి, సౌండ్ హోల్‌లోంచి బయటికి లాగి, గాజుల దుకాణంలో దొరికే చిన్న గాజు పూస ఎక్కించి, ఎనిమిది ఆకారపు ముడి వేసి, వెనక్కి లాగండి. పూస ముడిని పలకలోకి దిగనివ్వదు. పూస రంధ్రం ముడి కంటే చిన్నదై ఉండాలి.

ఎత్తు సవరణ ఎప్పుడూ శాడిల్ అడుగు నుంచే. 12వ ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు శాడిల్‌లోంచి తీయాలి. ఇప్పుడు 3.3 ఉంది, 2.7 కావాలి, తేడా 0.6, కాబట్టి అడుగు నుంచి 1.2 మి.మీ. పెన్సిల్ గీత గీసుకుని, దానికి 0.2 ముందే ఆగి, తీగ బిగించి చూసి, అప్పుడు మిగతాది. తీగలు సాగడం ఆగి శ్రుతి నిలబడేదాకా చివరి సవరణ చేయొద్దు.

## 9. తేడా వస్తే

తీగ జుయ్యిమంటోంది. ముందు శాడిల్ కొప్పు చదునుగా ఉందేమో చూడండి. అది బాగుంటే నట్ గాడి, ఆ తర్వాతే ఫ్రెట్లు.

శాడిల్ పొట్టి అయిపోయింది. కొత్తది చేయడమే మంచిది. అప్పటిదాకా గట్టి చెక్క పల్చటి పొర కింద పెట్టొచ్చు. మడత పెట్టిన కాగితం వద్దు.

గాడి వెడల్పయింది, శాడిల్ వాలుతోంది. సందులో జిగురు పోయకండి. గాడి గోడలు సరిచేసి మందమైన శాడిల్ చేయండి.

తీగ శాడిల్ దగ్గరే తెగుతోంది. కొప్పు మీదో, రంధ్రం అంచు మీదో పదును ఉంది. 800 కాగితం మడిచి రుద్దండి.

అన్ని తీగలూ ఒకే లెక్కన శ్రుతి తప్పాయి. నొక్కిన స్వరం అన్నిటికీ 5 సెంట్ల దాకా ఎక్కువుంటే కొప్పును వెనక అంచుకు జరిపితే సరిపోతుంది. 10 సెంట్లు దాటితే గాడి పూడ్చి కొత్త చోట కోయాలి. అంత తేడాతో బ్రిడ్జిని విప్పనక్కర్లేదు.

వెనక అంచు లేస్తోంది. పల్చటి కాగితం ముక్కను అంచు కిందికి తోసి చూడండి. 1 మి.మీ. లోపే ఆగితే గమనిస్తూ ఉండొచ్చు. అంతకు మించి దూరితే తీగలు వదులు చేసి, పూర్తిగా విప్పి మళ్లీ అతికించాలి. సందులోకి జిగురు ఎక్కించి నొక్కితే పాత జిగురు మీద కొత్తది అంటదు. విప్పడానికి ఇస్త్రీ పెట్టె మీద వేడి చేసిన పల్చటి చాకును వెనక అంచు నుంచి, పలక పోగు దిశలో, మెల్లగా తోయండి. చాకు ఆగితే బలం పెట్టకండి, మళ్లీ వేడి చేయండి. బ్రిడ్జి వచ్చాక రెండు ముఖాల మీద పాత జిగురంతా గీకి, పచ్చి చెక్క తేలాక ఆరో భాగం నుంచి మళ్లీ మొదలు.

పరీక్ష కోసం పెట్టిన స్క్రూ రంధ్రం. అగరుబత్తి పుల్లకు జిగురు రాసి దింపి, ఆరాక కోసేయండి. లేదంటే అక్కడే పట్టీ తగిలించే గుండీ బిగించుకోవచ్చు.